బస్సు దిగడానికి ఒక మాట, కారు దిగడానికి మరో మాట

ప్రశ్న: నమస్కారం. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. హైదరాబాదులో నర్సింగ్ పూర్తిచేసి, కొన్నేళ్ళు పనిచేసి, ఈమధ్యే ఇంగ్లండ్‌లో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. ఇంగ్లీషు పరీక్ష మంచి మార్కులతోనే గట్టెక్కాను. డాక్టర్లు మాట్లాడేది అర్థమవుతుంది. తోటి నర్సులు, రోగులు మాట్లాడుకునేదే అంతు చిక్కడం లేదు. కమ్, గో, గెట్, పాప్, ఆఫ్, ఓవర్: అన్నీ తెలిసిన మాటలే. రెండేసి కలిస్తే మాత్రం ఏమీ తెలియడం లేదు. మొన్న ఒక పెద్దావిడ ‘ఐ కేమ్ ఓవర్ ఆల్ ఫన్నీ’ అంది. ఏదో సరదా కబురు చెబుతోందనుకుని నవ్వాను. కళ్ళు తిరుగుతున్నాయని చెబుతోందట. పక్కనున్న నర్సు పరుగున వచ్చి ఆమెను పడుకోబెట్టింది. ఆ రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. వెయ్యి ఫ్రేజల్ వెర్బుల (క్రియకు చిన్న మాట చేరి ఏర్పడే జంటల) జాబితా ఒకటి సంపాదించి రోజూ బట్టీ పడుతున్నాను. వారం తిరిగేసరికి ఒక్కటీ గుర్తుండడం లేదు. పైగా నేను ‘గెట్ డౌన్ ఫ్రమ్ ద బస్’, ‘పిక్ మి ఫ్రమ్ ద స్టేషన్’ అంటే అందరూ ఒక క్షణం ఆగి చూస్తున్నారు. అందులో తప్పేమిటో ఎవరూ చెప్పరు. దారి చూపించండి.
— ఒక సోదరి, ఇంగ్లండ్

జవాబు: అమ్మా, ఆ పెద్దావిడ విషయంలో కుంగిపోకండి. ‘కేమ్ ఓవర్ ఆల్ ఫన్నీ’ పరీక్షల కోసం చదివే పుస్తకాల్లో కనిపించే మాట కాదు. అది ఇళ్ళలో తిరిగే మాట. అక్కడ ‘ఫన్నీ’కి నవ్వుతో సంబంధం లేదు. ఒంట్లో ఏదో తేడాగా ఉందని అర్థం. ‘కమ్ ఓవర్’ అంటే ఆ తేడా ఉన్నట్టుండి మనిషిని కమ్ముకోవడం. మన పెద్దవాళ్ళు ‘ఒక్కసారిగా ఒళ్ళు తూలిందమ్మా’ అంటారు చూడండి, సరిగ్గా అదే.

ఇక ఆ జాబితా. దాన్ని ఈ రోజే పక్కన పెట్టేయండి. అవి గుర్తుండకపోవడం మీ జ్ఞాపకశక్తి లోపం కాదు. అలాంటి జాబితాలు చాలావరకు క్రియను బట్టి పేర్చి ఉంటాయి. ‘గెట్’ కింద ఒక గుంపు, ‘కమ్’ కింద ఒక గుంపు, ఒక్కోదాని ఎదురుగా ఒక అర్థం. ఒకదానికీ మరొకదానికీ పొంతన కనిపించదు. పొంతన లేనిదాన్ని మనసు ఎంతకాలం మోస్తుంది? కదలికను చెప్పే మాటల్లో అసలు బరువు క్రియ మీద ఉండదు. దాని వెనక వచ్చే చిన్న మాట మీద ఉంటుంది: అప్, డౌన్, ఇన్, ఔట్, ఆన్, ఆఫ్, ఓవర్, రౌండ్, బ్యాక్, త్రూ. పట్టుకోవలసింది వీటిని.

ఎందుకో తెలియాలంటే ముందు తెలుగువైపు చూడాలి. మన భాషలో ఎటు కదిలారన్నది క్రియలోనే ఉంటుంది. ఎక్కాడు, దిగాడు, దాటాడు, దూరాడు, చేరాడు. ఎలా కదిలారన్నది చెప్పదలచుకుంటే పక్కన ఒక మాట తగిలిస్తాం: కుంటుకుంటూ దాటాడు, పాకుతూ ఎక్కాడు, పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆ ‘కుంటుకుంటూ’ తీసేసినా వాక్యం నిలబడుతుంది. ఇంగ్లీషులో ఈ అమరిక తిరగబడుతుంది. ‘హి లింప్డ్ అక్రాస్ ద రోడ్’ అన్నప్పుడు కుంటడం క్రియలో ఉంది, దాటడం ‘అక్రాస్’లో ఉంది. లెనర్డ్ టాల్మీ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త 1985లో ప్రపంచ భాషలను ఈ కోణంలోనే పోల్చి చూపించారు. కదలిక దిశను క్రియలో పెట్టే భాషలు కొన్ని, క్రియ పక్కనున్న చిన్న మాటలో పెట్టే భాషలు కొన్ని. స్పానిష్, టర్కిష్ మొదటి రకం. ఈ విషయంలో మన తెలుగు నడక కూడా అదే. ఇంగ్లీషు, జర్మన్ రెండో రకం.

టాల్మీ ఆలోచనను డాన్ స్లోబిన్ అనే పరిశోధకుడు మరికొంత ముందుకు తీసుకెళ్ళారు. తప్పించుకుపోయిన కప్పను వెతుక్కుంటూ వెళ్ళే పిల్లవాడి కథ ఒకటి, మాటల్లేని బొమ్మల పుస్తకంగా ఉంది. దాన్ని రకరకాల భాషలవాళ్ళకు చూపించి కథ చెప్పమన్నారు. చెట్టు తొర్రలోంచి గుడ్లగూబ కనిపించే బొమ్మ దగ్గర స్పానిష్ వాళ్ళు చాలావరకు ‘బయటికి వచ్చింది’ అని ఊరుకున్నారు. మనమూ అలాగే అంటాం. ఇంగ్లీషువాళ్ళలో కొందరికి అది చాలలేదు, ‘ఫ్లూ ఔట్’, ‘పాప్డ్ ఔట్’ అన్నారు. ‘ఔట్’ అనగానే బయటికి రావడం అయిపోయింది కాబట్టి క్రియ స్థానం ఖాళీగా ఉంటుంది. అక్కడ ఎలా వచ్చిందో చెప్పే మాట పెట్టాలని వాళ్ళ నాలుకకు తోస్తుంది. మీ వార్డులో వినబడే నానా రకాల క్రియలు పుట్టుకొచ్చేది ఆ ఖాళీలోంచే.

కాబట్టి మీరు చేయవలసింది ఇది. ఇంగ్లీషు వాక్యం వినగానే చిన్న మాటను తెలుగు క్రియగా, క్రియను తెలుగులోని ‘-కుంటూ’గా చదవండి. ‘హి షఫుల్డ్ ఔట్ టు ద టాయిలెట్’ అంటే, కాళ్ళీడ్చుకుంటూ టాయిలెట్టుకని బయటికి వెళ్ళాడు. ‘షి క్రెప్ట్ బ్యాక్ ఇన్’ అంటే, చప్పుడు కాకుండా మళ్ళీ లోపలికి వచ్చింది. ‘వీల్ హర్ డౌన్ టు ఎక్స్‌రే’ అంటే, చక్రాల కుర్చీలోనో చక్రాల మంచం మీదో ఎక్స్‌రేకి తీసుకెళ్ళు. ‘మిస్టర్ ఫలానా హాజ్ వాండర్డ్ ఆఫ్’ అన్నారంటే మీరు వెంటనే లేవాలి. మతిమరుపు జబ్బు ఉన్న మనిషి దారీతెన్నూ లేకుండా వార్డు వదిలి వెళ్ళిపోయాడని అర్థం. అక్కడ ‘వాండర్’ తెలియకపోయినా ‘ఆఫ్’ ఒక్కటి చెవిన పడితే చాలు, మనిషి ఉండవలసిన చోట లేడని తెలిసిపోతుంది. క్రియ తెలియకపోతే కాస్త రంగు పోతుంది, అంతే. చిన్న మాట జారిపోతే అర్థమే పోతుంది.

మీ వార్డులో రోజూ వినే ‘పాప్’ సంగతి కొంచెం వివరంగా చెబుతాను. బ్రిటన్ నర్సుల నోట ఇది ఎంతగా నలిగిందంటే, అది తెలియకుండా అక్కడ ఉద్యోగం చేయడం కష్టం. ‘పాప్’ అంటే టప్పున, చిన్నగా, శ్రమ లేకుండా. ‘ఐ విల్ పాప్ ఓవర్’ అంటే ఒక్క నిమిషం అలా వచ్చి వెళతాను. ‘పాప్ ఇన్ ఆన్ బెడ్ ఫోర్’ అంటే నాలుగో మంచం దగ్గరికి ఒకసారి వెళ్ళి చూసి రా. రోగితో ‘పాప్ అప్ ఆన్ ద బెడ్ ఫర్ మి’ అంటే, కాస్త మంచం ఎక్కండి. ‘పాప్ యువర్ టాప్ ఆఫ్’ అంటే పై బట్ట తీయండి. ‘ఐ విల్ జస్ట్ పాప్ దిస్ ఇన్ యువర్ ఆర్మ్’ అని సూది కూడా గుచ్చుతారు. ఇన్నిచోట్ల క్రియ ఒకటే. మారుతున్నది ఓవర్, ఇన్, అప్, ఆఫ్ మాత్రమే. పని మొత్తం అవే చేస్తున్నాయి. ‘పాప్’ ఇచ్చేది మెత్తదనం. మనం ‘కాస్త’, ‘ఒక్కసారి’, ‘కొంచెం అలా’ చేర్చి ఆజ్ఞను అడగడంగా మార్చినట్టు, వాళ్ళు ‘పాప్’తో మారుస్తారు. అందుకే ఇది మీరు కూడా నేర్చి వాడవలసిన మాట. ‘క్లైంబ్ ద బెడ్’ అంటే గద్దించినట్టు ఉంటుంది, మంచం కొండంత ఎత్తున్నట్టూ ఉంటుంది. ఒక్క జాగ్రత్త: ‘పాప్ ఆఫ్’ అని ఒంటరిగా వాడకండి. చటుక్కున వెళ్ళిపోవడమనే అర్థంతో పాటు, చనిపోవడమనే చులకన అర్థం కూడా దానికి ఉంది. రోగుల మధ్య అది వద్దు.

‘నిప్’ కూడా ఈ కుటుంబంలోదే. ‘ఐ యామ్ నిప్పింగ్ డౌన్ టు ఫార్మసీ’ అంటే గబగబా వెళ్ళి వచ్చేస్తానని. ‘హెడ్’ అయితే ఫలానా వైపు బయలుదేరడం, అందుకే ‘హెడింగ్ హోమ్’, ‘హెడింగ్ బ్యాక్’. డ్యూటీ దిగేటప్పుడు ‘రైట్, ఐ యామ్ ఆఫ్’ అంటారు. అక్కడ క్రియ పేరుకే ఉంది, కదలికంతా ‘ఆఫ్’లోనే ఉంది. మనకు ‘వెళ్ళి వస్తాను’ అనడం మర్యాద. దాన్నే ‘ఐ విల్ గో అండ్ కమ్’ అన్నారనుకోండి, మళ్ళీ ఎన్నింటికి వస్తారో చెబుతారని ఎదురుచూస్తారు. ‘ఐ యామ్ ఆఫ్ నౌ, సీ యు టుమారో’ అంటే సరిపోతుంది.

ఇప్పుడు మీ బస్సు. తెలుగులో ‘దిగు’ ఒక్కటే ఎన్ని చోట్లకు సరిపోతుందో చూడండి. బస్సు దిగుతాం, కారు దిగుతాం, చెట్టు దిగుతాం, మెట్లు దిగుతాం, చెరువులోకి కూడా దిగుతాం. ఇంగ్లీషు ఇక్కడ ప్రతిదాన్నీ విడదీస్తుంది. బస్సు, రైలు, విమానం, ఓడ, సైకిలు, గుర్రం అయితే ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’. కారు, టాక్సీ, చిన్న పడవ అయితే ‘గెట్ ఇన్’, ‘గెట్ ఔట్’. చెట్టు, నిచ్చెన, గోడ అయితే ‘గెట్ డౌన్’. నిలబడి నడవగలిగినంత చోటున్న వాహనాన్ని, లేదా కాలు అటొకటి ఇటొకటి వేసి పైన కూర్చునేదాన్ని, కింద ఆనుకునే వేదికలాగా చూస్తారు. కాబట్టి దాని మీదికి ఆన్, దాని మీద నుంచి ఆఫ్. వంగి దూరి కూర్చోవలసిన వాహనాన్ని డబ్బాలాగా చూస్తారు. కాబట్టి ఇన్, ఔట్. మీరు ‘గెట్ డౌన్ ఫ్రమ్ ద బస్’ అన్నప్పుడు వాళ్ళ కళ్ళముందు బస్సు పైకప్పు మీద నుంచి కిందికి దిగుతున్న మనిషి మెదులుతాడు. ఆ క్షణం ఆగి చూడడం అందుకే. మన దేశంలో తెలుగు, తమిళ, హిందీ వాళ్ళందరూ అలాగే అంటారు, ఒకరికొకరికి చక్కగా అర్థమవుతుంది కూడా. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. అక్కడున్నంతకాలం ‘గెట్ ఆఫ్’ అనండి, చాలు.

ఈ ఆన్, ఆఫ్ జంటను బస్సు దగ్గరే వదిలేయకండి, వార్డులోకి తీసుకురండి. ‘ఆన్’ అంటే ఆనుకుని ఉండడం, ‘ఆఫ్’ అంటే ఆ ఆనిక విడిపోవడం. రోగి సెలైను మీద ఉంటే ‘ఆన్ ఎ డ్రిప్’, అది తీసేస్తే ‘ఆఫ్ ద డ్రిప్’. కట్టు ఊడిపోతే ‘ద డ్రెసింగ్ హాజ్ కమ్ ఆఫ్’. సైకిలు మీద నుంచి పడితే ‘హి కేమ్ ఆఫ్ హిజ్ బైక్’. ‘షి హాజ్ కమ్ ఆఫ్ హర్ టాబ్లెట్స్’ అంటే మాత్రలు మానేసింది, ఇది మీరు తప్పక డాక్టరుకు చెప్పవలసిన సంగతి. ‘షి హాజ్ గాన్ ఆఫ్ హర్ ఫుడ్’ అంటే తిండి సహించడం లేదు. నొప్పి మందు ప్రభావం తగ్గుతుంటే ‘ఇట్ ఈజ్ వేరింగ్ ఆఫ్’. జాబితాలో ఇవి ఆరు చోట్ల ఆరు అర్థాలుగా పడి ఉంటాయి. ‘ఆనిక విడిపోయింది’ అని ఒక్కసారి పట్టుకుంటే ఆరూ ఒకటే. ఒకే ఒక్కటి మాత్రం తికమక పెడుతుంది: ‘ద అలారమ్ హాజ్ గాన్ ఆఫ్’ అంటే గంట ఆగిపోయిందని కాదు, మోగుతోందని. తుపాకి పేలడాన్ని కూడా ‘గో ఆఫ్’ అనే అంటారు. బిగపట్టి ఉన్నది ఒక్కసారిగా విడుదలైందని ఊహించుకుంటే ఇదీ దారికి వస్తుంది.

ఆ మాటకొస్తే, ఇందులో తెలుగువాళ్ళకు ఒక పుట్టు సౌకర్యం ఉంది. చాలామంది దాన్ని గమనించరు. మన ‘పోవు’ను చూడండి. ఎగిరిపోయింది, పారిపోయాడు, వెళ్ళిపోయారు. ఇక్కడది కదలికే, ఇంగ్లీషులో ‘అవే’, ‘ఆఫ్’. కానీ మనం అక్కడితో ఆగలేదు. అయిపోయింది, చెడిపోయింది, ఊడిపోయింది, విరిగిపోయాయి, స్పృహ తప్పిపోయింది, చనిపోయాడు. వీటిలో ఎవరూ ఎక్కడికీ నడిచి వెళ్ళలేదు. చోటు వదలడాన్ని చెప్పే మాట స్థితి వదలడానికి కూడా పనికొచ్చింది. ఇంగ్లీషు చేసిందీ ఇదే. గ్లవ్స్ అయిపోతే ‘వి హావ్ రన్ ఔట్’, పాలు విరిగిపోతే ‘గాన్ ఆఫ్’, స్పృహ తప్పిపోతే ‘పాస్డ్ ఔట్’, మనిషి చనిపోతే ‘పాస్డ్ అవే’. రోగి బంధువులతో మాట్లాడేటప్పుడు ఈ చివరి రెండూ చెవికి దగ్గరగా వినిపిస్తాయి, అర్థాలు మాత్రం పూర్తిగా వేరు. ఔట్ అంటే తెలివి తప్పడం. అవే అంటే ఇక లేరు. ఈ ఒక్క జంటను ఈ రాత్రే గట్టిగా పలికి చూసుకోండి.

శరీరం గురించి వాళ్ళు చెప్పే మాటలు చాలావరకు ఇలా కదలికలోంచే వచ్చాయి. మత్తు నుంచి తెలివిలోకి రావడం ‘కమ్ రౌండ్’. వాపు తగ్గడం ‘గో డౌన్’. మనమూ వాపు దిగింది, జ్వరం దిగింది అంటాం కదా. ఒళ్ళంతా దద్దుర్లు తేలితే ‘కమ్ ఔట్ ఇన్ ఎ రాష్’. దెబ్బ తగిలినచోట బొప్పి కడితే ‘ఇట్ హాజ్ కమ్ అప్’. కఫం పడుతుంటే ‘బ్రింగింగ్ అప్ ఫ్లెమ్’. జలుబో ఫ్లూనో పట్టుకుంటే ‘కమ్ డౌన్ విత్’. లేచి తిరుగుతున్నాడంటే ‘అప్ అండ్ అబౌట్’. ఇంట్లో సాయం లేకుండా అటూ ఇటూ తిరగగలుగుతుందా అని అడగాలంటే ‘డజ్ షి గెట్ అబౌట్ ఆల్ రైట్?’. రోగిని ఇంటికి పంపే ముందు ఈ ప్రశ్న మీరూ అడగవలసి వస్తుంది.

‘పిక్ మి ఫ్రమ్ ద స్టేషన్’ దగ్గర జరిగిందేమిటంటే, బరువు మోసే మాట జారిపోయింది. ‘పిక్’ ఒంటరిగా ఉంటే ఎంచుకోవడం. స్టేషన్లో వరసగా నిలబడ్డ నలుగురిలో నన్ను ఎంచుకోండి అన్నట్టు వినబడుతుంది. ‘అప్’ చేరితేనే బండి ఎక్కించుకోవడం. మన ఊళ్ళలో ‘స్టేషన్ దగ్గర పిక్ చేసుకుంటాను’, ‘ఇంటి దగ్గర డ్రాప్ చేస్తాను’ అనడం అలవాటైపోయి, ఆ చిన్న మాట మన నోట అరిగిపోయింది. ‘పిక్ మి అప్ ఫ్రమ్ ద స్టేషన్’, ‘డ్రాప్ మి ఆఫ్ ఎట్ ద గేట్’ అనడం అలవాటు చేసుకోండి.

ఇక్కడే ఇంకో చిక్కు వస్తుంది. ‘హిమ్’, ‘హర్’, ‘ఇట్’ లాంటి మాటను ఎక్కడ పెట్టాలి? ‘పిక్ హిమ్ అప్’ అనాలి, ‘పిక్ అప్ హిమ్’ అనకూడదు. కానీ ‘గెట్ ఆన్ ఇట్’ అనాలి, ‘గెట్ ఇట్ ఆన్’ అనకూడదు. వ్యాకరణ పుస్తకాలు దీనికి పేజీలు కేటాయిస్తాయి. కదలిక మాటల వరకు మీకు ఒక్క ప్రశ్న చాలు: కదిలేది ఎవరు? పిక్ అప్‌లో, డ్రాప్ ఆఫ్‌లో, టేక్ ఔట్‌లో, బ్రింగ్ ఇన్‌లో, పుట్ డౌన్‌లో కదిలేది ఆ మనిషో ఆ వస్తువో. అందుకే అది నడుమకు వస్తుంది: పిక్ హిమ్ అప్, టేక్ ఇట్ ఔట్, బ్రింగ్ హర్ ఇన్. గెట్ ఆన్‌లో, వాక్ పాస్ట్‌లో, గో త్రూలో, రన్ ఇంటులో కదిలేది మీరు. బస్సు, తలుపు, ఎదురుపడ్డ మనిషి ఉన్నచోటే ఉంటారు. అందుకే అవి చివరికి వెళతాయి: గెట్ ఆన్ ఇట్, వాక్ పాస్ట్ హర్, రన్ ఇంటు హిమ్. ఒకటి రెండు చోట్ల తప్ప ఇది మిమ్మల్ని మోసం చేయదు. మొదటి రకంలో ‘హిమ్’, ‘ఇట్’లకు బదులు పూర్తి పేరు వాడితే ఇంకా వెసులుబాటు ఉంది: ‘పిక్ అప్ ద ప్రిస్క్రిప్షన్’ అన్నా, ‘పిక్ ద ప్రిస్క్రిప్షన్ అప్’ అన్నా ఒకటే.

చదివితే అర్థమయ్యేది వింటే ఎందుకు అర్థం కాదన్న సందేహం మీకు ఉండే ఉంటుంది. సంధి వల్ల. అతడు, ఎక్కడ అని విడివిడిగా నేర్చుకున్న పరాయివాడికి మనం ‘అతడెక్కడ’ అంటే ఎలా ఉంటుందో, మీకు ఇప్పుడు అలా ఉంది. ‘పిక్ ఇట్ అప్’ వాళ్ళ నోట ‘పికిటప్’. ‘పిక్ హిమ్ అప్’లో హకారం రాలిపోయి ‘పికిమప్’. ‘గెట్ హర్ ఔట్’ అయితే ‘గెటరౌట్’. ‘కమ్ ఆన్ ఇన్’ అయితే ‘కమానిన్’. ఇందులో మీకు కలిసివచ్చేది ఒకటుంది. ‘పికిమప్’ లాంటి జంటల్లో ఆ చివరి చిన్న మాటను వాళ్ళు మింగరు, కాస్త ఎత్తి పలుకుతారు. నడుమ ఉన్న ‘హిమ్’, ‘ఇట్’ నలిగిపోయినా ‘అప్’ మీద ఊనిక ఉంటుంది. చెవిని అక్కడ కాపలా పెట్టండి.

మీకు బడిలో ఇవేవీ చెప్పలేదని బాధపడకండి. దానికి చరిత్ర ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను జయించిన తరువాత ఫ్రెంచి మాటలు, వాటి వెంట లాటిన్ మాటలు పెద్ద ఎత్తున వచ్చి కొలువులోనూ చదువులోనూ కూర్చున్నాయి. ఎంటర్, రిటర్న్, డిపార్ట్, డిసెండ్, ప్రొసీడ్ ఆ దారిన వచ్చినవే. గో ఇన్, కమ్ బ్యాక్, సెట్ ఆఫ్, గో డౌన్, గో ఆన్ మాత్రం వంటింట్లో, పొలంలో, వీధిలో నిలిచిపోయాయి. మన దేశానికి ఇంగ్లీషు సర్కారు కచేరీల ద్వారా, పాఠ్యపుస్తకాల ద్వారా వచ్చింది కాబట్టి మనకు అందింది కొలువు భాష. డాక్టర్లు మాట్లాడేది మీకు అర్థమై, ముసలమ్మ మాట్లాడేది అర్థం కాకపోవడంలో వింతేమీ లేదు. ఎంటర్, రిటర్న్ అనడం తప్పు కాదు. కేస్ షీట్లో రాసేటప్పుడు అవే బాగుంటాయి. ‘షి రిటర్న్డ్ ఫ్రమ్ థియేటర్’ (ఆపరేషన్ గది నుంచి తిరిగి వచ్చింది) చక్కని వాక్యం. తోటి నర్సుతో టీ తాగుతూ ‘ఐ విల్ రిటర్న్ సూన్’ అంటే మాత్రం సభలో మాట్లాడినట్టు ఉంటుంది. అక్కడ ‘బ్యాక్ ఇన్ ఎ మినిట్’ చాలు.

ఈ ఇబ్బంది మీ ఒక్కరిదే కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువు ముందుమాటలోనే, క్రియ వెనక చిన్న మాట చేర్చి అర్థం మార్చే ఈ పద్ధతి పరాయి దేశస్థులకు అన్నిటికన్నా పెద్ద కష్టమని రాశారు. ప్రయాణం మొదలుపెట్టడమనే అర్థంలో ‘సెట్ ఔట్’ను ఉదాహరణల్లో ఇచ్చారు కూడా. 1985లో డాగట్, లాఫర్ అనే ఇద్దరు ఇజ్రాయెల్‌లోని విద్యార్థులను పరిశీలించి, హీబ్రూ మాతృభాషగా ఉన్నవాళ్ళు ఫ్రేజల్ వెర్బులను తప్పించుకుని ఒంటి మాటల వైపే మొగ్గుతున్నారని చూపించారు. హీబ్రూలో ఇలాంటి అమరిక లేదు. తప్పించుకుంటే ఆ పూటకు గడుస్తుంది. కానీ వాడని మాట చెవికి ఎప్పటికీ కొత్తగానే ఉంటుంది. కాబట్టి తప్పించుకోకండి.

రోజువారీ సాధనకు వస్తే, వెయ్యి అక్కర్లేదు. 2007లో గార్డ్‌నర్, డేవిస్ అనే పరిశోధకులు బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ను, అంటే రాతలోంచీ మాటలోంచీ పోగుచేసిన పది కోట్ల మాటల ఇంగ్లీషు భాండారాన్ని, పరిశీలించారు. ఇరవై క్రియలు, ఎనిమిది చిన్న మాటలు కలిసి ఏర్పడిన జంటలే మొత్తం ఫ్రేజల్ వెర్బుల వాడకంలో సగానికి మించి ఉన్నాయని తేల్చారు. గో, కమ్, గెట్, టేక్, పుట్ అందులోవే. డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఒక చిన్న మాటను వెంట తీసుకెళ్ళండి. వారమంతా ‘ఆఫ్’ ఒక్కటే. దాని ముందు ఏ క్రియ వచ్చినా సరే, విన్న వాక్యాన్ని జేబు పుస్తకంలో వాక్యంగానే రాసుకోండి, పక్కన తెలుగులో మీ ఇంటి మాటతో అర్థం రాసుకోండి. ‘ఆఫ్’ వారం అయ్యాక ‘అప్’ వారం. ‘అప్’లో ఒక మెలిక ఉంది: పైకి వెళ్ళడమే కాకుండా దగ్గరికి రావడం కూడా ‘అప్’. ‘ఎ మ్యాన్ కేమ్ అప్ టు మి’ అన్నప్పుడు అతను ఏ మెట్లూ ఎక్కలేదు, నేరుగా నా దగ్గరికి వచ్చాడు. లండన్ వెళ్ళడాన్ని ‘అప్ టు లండన్’ అనడం కూడా మీకు వినబడుతుంది. అక్కడి రైల్వేలో లండన్ వైపు సాగేది అప్ లైను. మన స్టేషన్లలో వినబడే అప్, డౌన్ బ్రిటిష్ రైల్వేల నుంచి వచ్చినవే.

‘కమ్’, ‘గో’ల గురించి కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా లేదు. ‘రేపు మీ ఇంటికి వస్తాను’ అని మనం ఎదుటివారి చోటు నుంచి చూసి చెప్పినట్టే వాళ్ళూ ‘ఐ విల్ కమ్ రౌండ్ టుమారో’ అంటారు. అయితే ఇది ఇంతకుముందు చెప్పిన ‘కమ్ రౌండ్’ కూడా. ‘హాజ్ హి కమ్ రౌండ్?’ అని డాక్టరు అడిగితే తెలివి వచ్చిందా అని. అదే మాట ఒక రోగి తన కొడుకు గురించి అడిగితే, చూడడానికి వచ్చాడా అని. అడిగిన మనిషిని బట్టి తేల్చుకోవాలి.

చివరగా, భయం సంగతి. రోగి నోట తెలియని మాట వస్తే ఊహించకండి, నవ్వకండి, తల ఊపకండి. ఆ మాటనే తిప్పి అడగండి: ‘యు కేమ్ ఓవర్ ఫన్నీ? డు యు ఫీల్ డిజీ? ఎనీ పెయిన్?’ అలా అడిగితే అక్కడెవరూ తప్పుపట్టరు. అడగకపోతేనే రోగికి ప్రమాదం. కేస్ షీట్లో రోగి అన్న మాటను కొటేషన్ గుర్తుల మధ్య యథాతథంగా రాసి, మీరు అడిగి తెలుసుకున్నది దాని పక్కన వైద్య పరిభాషలో రాయండి. షిఫ్టు మారేటప్పుడు రోగుల సంగతులు అప్పగించే హ్యాండోవర్లో ఏ మాటయినా జారిపోతే, నర్సు వెళ్ళిపోకముందే ‘సారీ, ఆఫ్ హర్ ఫుడ్ ఆర్ ఆఫ్ హర్ టాబ్లెట్స్?’ అని అక్కడికక్కడే తేల్చుకోండి.